మేడమీది సాక్ష్యం

ఏసురత్నం మైకును గోటితో మూడుసార్లు కొట్టాడు. ఆ చప్పుడు హాలు చివరి వరుస దాకా వెళ్ళి, వెనక గోడకు తగిలి, మళ్ళీ అతని చెవిలో పడింది. సెట్టు పనిచేస్తోంది, అంతకంటే ఏం కావాలి? మైకు పెట్టేవాళ్ళెవరైనా "హలో హలో, మైక్ టెస్టింగ్" అంటారు. ఏసురత్నం అనడు. ఎందుకనవని అడిగినవాళ్ళూ లేరు. యూనివర్సిటీలో అతని మాట విన్నవాళ్ళు తక్కువ, అతని గోరు విన్నవాళ్ళే ఎక్కువ.

సన్నటి మనిషి. ఆంప్లిఫయరు పెట్టె మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి జారింది. అరచేతికీ మోచేతికీ మధ్య వైరు చుట్టే అలవాటు వల్ల ఎడమ మోచేతి మీద నల్లటి కాయ కాసింది. చొక్కా జేబులో టెస్టరు, దాని పక్కన నల్ల టేపు, ఈ మధ్య ఆ రెంటికీ తోడు గ్యాసు మాత్రలు. వచ్చే నెలాఖరుకి రిటైరవుతాడు. సెమినార్లు, సన్మానాలు, సంతాపాలు, విద్యార్థి సంఘాల అరుపులు, అన్నిటికీ సెట్టు పెట్టింది అతనే. తార్నాక చుట్టుపక్కల అన్ని సభలు చూసిన మనిషి ఇంకొకడుండడు. ఒక్క సభలోనూ ఎవరి పక్కనా కూర్చోని మనిషి కూడా ఇంకొకడుండడు. వేదిక పక్కన తెర వెనక ఒక ఇనప కుర్చీ, చెవులకు హెడ్‌ఫోను, అదే అతని చోటు.

"ఏం ఏసన్నా, మొకం గట్లున్నది? పానం బాగలేదా?" అంది హాలు ఊడుస్తున్న బుచ్చవ్వ.

"గ్యాసు" అన్నాడు ఏసురత్నం.

"గ్యాసయితే గ్యాసే. గని ఒకపారి దవాఖానకు పోయి రా. గీడనే ఉన్నది గదా."

 ఏసురత్నం, ఈమెకు కూడా ఎవరైనా చెప్పి పెట్టారా అని ఆమె వంక అదోలా చూశాడు. అనుమానం పెనుభూతమంటారు. ఏసురత్నం విషయంలో అది భూతం కూడా కాదు, ఇంట్లో అద్దెకున్న మనిషి. పొద్దున లేస్తే దాని మొహమే చూడాలి. పాలవాడు నీళ్ళు కలిపాడని, ఆటోవాడు చుట్టు తిప్పాడని, కొత్త రిజిస్ట్రారు తనను చూసి నవ్వింది ఎందుకోనని. ఇవన్నీ చిల్లర అనుమానాలు. అసలుది ఇంట్లో ఉంది. దాని పేరు గురువారం.

ఆ పొద్దున రాహేలు తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటూ, "ఏవండీ, ఇవాళ మీ సెట్టు మరిచిపోకండి. చిట్టెమ్మత్త అందరికీ చెప్పుకుంది" అంది. చీర మడత పెడుతూ, "ఛాతీలో పట్టేసినట్టుందన్నారుగా, హెల్త్ సెంటర్లో చూపించుకోండి. ఈసీజీ తీస్తారంట. చిట్టెమ్మత్త కూడా అదే అంటోంది" అంది.

"నా ఛాతీ సంగతి ఆవిడకెట్లా తెలుసు?"

"ప్రార్థనలో పెట్టాను."

ఇడ్లీ ముక్క గొంతులో అడ్డం పడింది. మంచినీళ్ళు తాగి, చెప్పులేసుకుని బయటికి వచ్చేశాడు.

వాళ్ళ చర్చి సంఘంలో స్త్రీల సమాజం ఉంది. ప్రతి గురువారం సాయంత్రం చిట్టెమ్మ గారి మేడమీద కూడుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. ఇంట్లో దేవుడు ఏం మేలు చేశాడు, మొగుడు తాగుడు మానాడా, కోడలు మాట వింటోందా, ఎవరికి ఏం నొప్పి, అన్నీ. చెప్పాక ప్రార్థనాంశం ఇస్తారు, దాని కోసం అందరూ ప్రార్థన చేస్తారు. మగవాళ్ళను రానివ్వరు. అక్కడ చెప్పింది గడప దాటదని పేరు. దాటదు సరే, గడప లోపల ఏం వండుతున్నారు? అది ఏసురత్నానికి అంతుబట్టడం లేదు.

కూతురు సుకన్యకు పెళ్ళి చేసి రామంతాపూర్ పంపాక, బడిలో టీచరు ఉద్యోగం నుంచి తను రిటైరయ్యాక, రాహేలు ఆ సమాజంలో చేరింది. రెండేళ్ళయింది. చేరినప్పటి నుంచి మనిషి తీరే మారింది. గురువారం వెళ్ళేటప్పుడు ఒక మొహం, వచ్చేటప్పుడు ఇంకో మొహం. వచ్చేటప్పటి మొహంలో ఏదో వెలుగుంటుంది. కూర తరుగుతూ తనలో తను నవ్వుకుంటుంది. ఏంటని అడగడు. అడిగితే చెబుతుందేమోనని భయం. చర్చి గేటు దగ్గర ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు "వందనాలు అన్నయ్యా" అని, అతన్ని ఎగాదిగా చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని వెళ్ళిపోతారు. ఇంట్లో నోరు విప్పని మొగుడి గురించి ఒక ఆడది పదిమందిలో లేచి ఏం చెబుతుంది? బాగా ఆలోచిస్తే ఒక్కటే జవాబు వచ్చేది.

ఇంకో సంగతి కూడా ఉంది. అది జాన్సన్ మాస్టారు.

*

హాలు నిండింది. ప్రొఫెసర్ ఆత్రేయ గారికి పదవీ విరమణ సన్మానం. దంపతులిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి భుజాల మీదుగా ఒకే శాలువా కప్పారు. ఫోటోగ్రాఫరు అడిగితే ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆత్రేయ గారు లేచి, గొంతు సవరించుకుని, "నా ప్రతి విజయం వెనకా మా శ్రీమతి ఉంది. ఏ నిర్ణయమూ ఆమెను అడక్కుండా తీసుకోలేదు" అన్నారు. చప్పట్లు మోగాయి.

వేదిక మీద ఎన్ని మైకులున్నా ఒక్కోదానికి ఆంప్లిఫయరు పెట్టె మీద ఒక్కో గుండీ ఉంటుంది. ఆ గుండీ నొక్కితే ఆ మైకు దగ్గర గొణిగింది కూడా హెడ్‌ఫోనులో వినిపిస్తుంది, సభకు వినపడదు. ఏసురత్నానికి ఉన్న సరదా అదొక్కటే. శ్రీమతి గారి ముందున్న మైకు గుండీ నొక్కాడు.

"ఇల్లు అమ్మినప్పుడు అడిగారా?" అంటోంది ఆవిడ నవ్వు మొహంతోనే, పెదవి కదపకుండా.

ఏసురత్నం గుండీ వదిలేశాడు. అతనికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో అతను నేర్చుకున్నది ఒక్కటే: మైకు ముందు నిలబడి మొగుణ్ణి గాని పెళ్ళాన్ని గాని పొగిడేవాళ్ళ మాట నమ్మకూడదు. తిట్టేవాళ్ళనే నమ్మాలి. అందుకే రాహేలు కూడా ఆ మేడమీద తిడుతూనే ఉంటుందని అతని నమ్మకం. లేదంటే ఇంకెవరినో పొగుడుతూ ఉండాలి.

సభ అయ్యాక వైర్లు చుట్టి, కుర్చీలో కూర్చుని క్యారేజీ విప్పాడు. పప్పులో కారం లేదు. పులుసు అసలే లేదు. పైగా ఒక మూత కింద తొక్క తీసి ముక్కలు కోసిన ఆపిలు. ఎవరు చెప్పారు దీనికి, ఇవన్నీ పెట్టమని? మేడమీద తీర్మానం చేసి ఉంటారు. ఆపిలు ముక్కలు తినకుండా మూత పెట్టేశాడు. ఎడమ భుజం లాగుతోంది. పొద్దున సెట్టు ఎత్తినప్పుడు పట్టేసి ఉంటుంది.

జాన్సన్ మాస్టారు సంగతి పాతది. సుకన్య చిన్నపిల్లగా ఉన్నప్పుడు రాహేలు చర్చి పాటల బృందంలో, క్వయర్‌లో పాడేది. అప్పట్లో హార్మోనియం జాన్సన్‌ది. ఒక సాయంత్రం ప్రాక్టీసు నుంచి వస్తుంటే పెద్ద వాన. జాన్సన్ తన స్కూటరు మీద రాహేలును ఇంటి దాకా తెచ్చి దింపాడు. తడిసిన కొంగు పిండుకుంటూ ఆమె నవ్వుతోంది. స్కూటరు మీద అతను కూడా నవ్వుతున్నాడు. అంతే జరిగింది. అంతకు మించి ఏసురత్నం చూసింది లేదు, విన్నది లేదు. రెండు రోజులు మాట్లాడకుండా తిరిగి, మూడోరోజు అన్నం తింటూ "పాటలు చాలు" అన్నాడు.

ఎందుకని రాహేలు అడగలేదు. ఎందుకో అతనూ చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆమె క్వయర్ బెంచీ మీద కాక చివరి వరుసలో కూర్చుంది. దాంతో పాటు ఇంట్లో మాట కూడా చివరి వరుసకే వెళ్ళిపోయింది. ఏముంది, ఉప్పు తక్కువైందా, కరెంటు పోయిందా, సుకన్య ఫోను చేసిందా. ఇరవై ఏళ్ళు దాటాయి. ఇద్దరూ పోట్లాడుకున్నది లేదు. ఇరుగుపొరుగు వాళ్ళు వీళ్ళను చూసి, కాపురమంటే అట్లా ఉండాలి, ఒక్కనాడూ గొంతు వినపడదు అనేవాళ్ళు.

ఇప్పుడు ఆ జాన్సనే రైల్వేలో రిటైరయి, పాత మారుతి వ్యాను ఒకటి పెట్టుకుని, గురువారం గురువారం హబ్సిగూడ, రామంతాపూర్ ఆడవాళ్ళను కూడికకు తెచ్చి దింపుతున్నాడు. రాహేలు ఫోనులో అతని పేరు మోగుతుంది. "ఆఁ మాస్టారూ, వస్తున్నాం" అంటుంది గలగలా. ఆ గలగల ఇంట్లో ఎక్కడ దాస్తుందో ఏసురత్నం ఎంత వెతికినా కనపడలేదు.

అందుకే పోయిన వారం అతను ఎన్నడూ చెయ్యని పని చేశాడు. "మీ కూడికకు మైకు లేదు గదా, నా సొంత సెట్టు తెచ్చి పెడతాను" అన్నాడు. రాహేలు చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళను కూడా అతను అనుమానంగానే చూశాడు. ఎందుకంటే అతని సంచిలో స్పీకరు, కార్డ్‌లెస్ మైకుతో పాటు ఇంకోటి ఉంది. అదే మైకు మాటను దూరం నుంచి పట్టుకునే చిన్న రిసీవరు. దానికి హెడ్‌ఫోను తగిలిస్తే మేడమీద మాట కిందికి వినిపిస్తుంది. అది ఉందని రాహేలుకు చెప్పలేదు.

*

నాలుగున్నర దాటాక సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. హెల్త్ సెంటరు ముందు నుంచే దారి. లోపల బల్లల మీద ముగ్గురు నలుగురున్నారు. ఆగాడు. వాళ్ళంతా కూడబలుక్కుని పంపిస్తే వెళ్ళడానికి నేనేమన్నా చంటిపిల్లాడినా అనుకుని ముందుకు నడిచాడు. తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభం పక్కన ఒకసారి సంచి దింపి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. తర్వాత లోపలి సందులోకి తిరిగాడు.

చిట్టెమ్మ గారిది మూడంతస్తుల పాత బిల్డింగు. కింద బళ్ళు పెట్టుకునే చోటు, పక్కన వాచ్‌మన్ వెంకటనర్సయ్య గది, పైన మేడమీద రేకుల హాలు. ఏసురత్నం పైకెక్కేసరికి ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. తెల్లచీరల్లో రాహేలు ఎక్కడుందో గుర్తుపట్టడానికి అతనికి ఒక క్షణం పట్టింది. స్పీకరు మూలన పెట్టి, మైకు ఆన్ చేసి, గోటితో మూడుసార్లు కొట్టాడు.

"అదేంటి అన్నయ్యా, హలో అనండి" అంది ఎవరో చిన్న వయసావిడ, నవ్వు దాచుకుంటూ.

"ఆయన అనరు" అంది రాహేలు గబుక్కున.

 ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులన్నీ ఏసురత్నం లెక్కపెట్టుకున్నాడు. ఏదో ఉంది. తన గురించే. "కూడిక అయిపోయాక సెట్టు నేనే తీసుకెళ్తాను, కింద ఉంటా" అని మెట్లు దిగాడు.

కింద జాన్సన్ మాస్టారు వ్యానుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఏసురత్నం మనసులో ఆయన ఇంకా స్కూటరు మీదే ఉన్నాడు. ఇక్కడున్నది బట్టతల, కంటి ఆపరేషన్ చేయించుకున్న నల్లద్దాలు, కట్టుడు పళ్ళు. అనుమానానికి ఇవేవీ అడ్డం కాదు.

"వందనాలండీ ఏసురత్నం గారూ! మీతో నాకో పేచీ ఉందండోయ్" అన్నాడు జాన్సన్.

"నాతోనా?"

"మీ వల్ల మా ఇంట్లో నాకు రోజూ అక్షింతలండీ. మా ఆవిడ ఈ కూడిక నుంచి వచ్చి, చూడు, ఏసురత్నం గారు భార్యని ఎట్లా చూసుకుంటారో, నువ్వూ ఉన్నావు ఎందుకూ అంటంది. అట్లా ఏం చేస్తారండీ మీరు? మాకూ చెబుదురూ."

వెటకారమో నిజమో అర్థం కాలేదు. ఏసురత్నం మొహం ఎర్రబడింది. జాన్సన్ నవ్వుకుంటూ, కంట్లో చుక్కల మందు కొనుక్కొస్తానని సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఏసురత్నం మూడో మెట్టు మీద కూర్చుని, చిన్న రిసీవరు ఒళ్ళో పెట్టుకుని, హెడ్‌ఫోను చెవులకు తగిలించాడు. చెమట పడుతోంది. వెంకటనర్సయ్య తన గది ముందు చిన్న స్టవ్ మీద చాయ్ కాస్తూ, "పాటలింటున్నవా సార్?" అన్నాడు. ఏసురత్నం తల ఊపాడు.

ముందు ప్రార్థన. తర్వాత ఎవరో అల్లుడి ఉద్యోగం గురించి చెప్పి కూర్చున్నారు. ఆ తర్వాత ఒక గొంతు వచ్చింది. నిండుగా, ఊగుతూ, మాట మాటకీ ఆగి జనాన్ని నవ్వించే గొంతు. ఎవరో మంచి మాటకారి అనుకున్నాడు ఏసురత్నం. ఆ గొంతుకు ఎక్కడా హెచ్చు తగ్గులు సర్దాల్సిన పని లేదు. వేదికల మీద కూడా అట్లాంటివి అరుదు. కాసేపటికి గాని అది రాహేలు అని తెలియలేదు. ఊరందరి గొంతులూ ఆ హెడ్‌ఫోనులో విన్నాడు, పెళ్ళాం గొంతు వినడం ఇదే మొదలు.

"వానొచ్చింది" అంటోంది రాహేలు. "పై నుంచి ధార కారుతోంది, కింద పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మా ఆయన గొడుగు తెచ్చి పొయ్యికి పట్టారు. నేను తడిసిపోతున్నానయ్యా అన్నాను. నువ్వు తడిస్తే ఆరతావు, అన్నం తడిస్తే ఆరదే అన్నారు."

ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఏసురత్నం నవ్వలేదు. తమ ఇల్లు స్లాబు, చుక్క కారదు. ఎవరింట్లో కారింది? లాలాగూడలో జాన్సన్ ఇంటికి రేకులు. గుండె దడదడ కొట్టుకుంది. ఇది ఎవరి గురించి చెబుతోంది?

"నాకు పచ్చకామెర్లొచ్చి పడుకుంటే ఆయనే తల దువ్వారు. జడ వెయ్యటం రాదు. వైరు చుట్టినట్టు చుట్టి పైన నల్ల టేపు వేశారు. విప్పటానికి నాకు ఒక పూట పట్టింది."

ఏసురత్నం చెయ్యి తనకు తెలియకుండానే జేబులో ఉన్న నల్ల టేపు మీదికి వెళ్ళింది.

"నేను అలిగితే ఏం చేస్తారనుకున్నారు? స్టీలు గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని, 'హలో హలో, మైక్ టెస్టింగ్. శ్రీమతి రాహేలు గారు అలక మాని వేదిక మీదికి రావలసిందిగా కోరుచున్నాము' అంటారు. మొహం మాత్రం రిజిస్ట్రారు మొహం. ఇంక ఎట్లా అలుగుతాం చెప్పండి?"

అప్పుడు గుర్తొచ్చింది. అడ్డగుట్టలో రేకుల గది. పెళ్ళయిన కొత్త. గొడుగు. అది తనే. ఆ గొడుగు మాట అన్నది కూడా తనేనా? తనకు అంత మాట వచ్చా? ఆమె చెబుతున్న మనిషి ఎవరా అని ఇంతసేపూ పళ్ళు కొరుకుతూ వెతికితే, దొంగ తన చొక్కా వేసుకునే దొరికాడు.

మేడమీద నవ్వులు ఆగాక చిట్టెమ్మ గొంతు వినిపించింది. "ఒసే రాహేలూ, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. ఇందాక ఆయన వచ్చి గోటితో కొట్టి వెళ్ళాడే గాని హలో అనలేదు. మా వైపు కన్నెత్తి చూడలేదు. ఇవన్నీ ఎప్పటి సంగతులు?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అబద్ధ సాక్ష్యం చెప్పావంటారు దాన్ని, పదిమందిలో తలదించుకోవాలి, అని ఏసురత్నానికి భయం వేసింది. ఇన్నేళ్ళలో అతను ఆమె గురించి భయపడ్డాడు గాని, ఆమె కోసం భయపడటం ఇదే మొదటిసారి.

"ఎప్పుడని మీరు అడగలేదు, నేను చెప్పలేదు అత్తా" అంది రాహేలు. గొంతు తగ్గింది. "ఇరవై ఏళ్ళు దాటింది. అబద్ధం మాత్రం కాదు. దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పను. నాకున్నవి ఈ నాలుగే. వాటినే చీరలు మార్చి మార్చి కట్టుకున్నట్టు చెప్పుకుంటున్నాను."

"మరెందుకు మానేశాడే?"

"తెలియదు. నేనే ఏదో చేసి ఉంటాను. ఏం చేశానో ఇప్పటికీ తెలియదు. ఒకరోజు పాటలు చాలన్నారు, మానేశాను. ఆయనా మానేశారు. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు అత్తా. మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున క్యారేజీ తీసుకెళ్తాడు, సాయంత్రం తెచ్చి గిన్నెల్లో పెడతాడు. లోపలెక్కడో ఉన్నాడు. ఈ సెట్టు పెడతానన్నప్పుడు కాస్త కనబడ్డాడు కూడా. ఒక్కసారి బయటికొస్తే నాకు చాలు. అదే నా ప్రార్థనాంశం. ఛాతీ నొప్పి తర్వాత."

ఏసురత్నం తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గేసింది. ఆమెకు తెలియనే తెలియదు. తను ఏం అనుమానించాడో, ఏ వానకు, ఏ స్కూటరుకు ఇంత శిక్ష వేశాడో ఆమెకు ఒక్కనాడూ తెలియలేదు. తప్పేమిటో తెలియకుండా ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి, జైలరు గురించి నలుగురిలో మంచి చెప్పుకుంటోంది. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, ఏమైందో ఏమో, ఆ నల్ల టేపు జడ కళ్ళకు కట్టి ఫక్కున నవ్వొచ్చింది.

"ఏంది సార్, ఒక్కనివే నవ్వుతున్నవ్?" అంటూ వెంకటనర్సయ్య చాయ్ తెచ్చాడు. స్టీలు గ్లాసు. ఏసురత్నం హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని, గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మూతి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో" అన్నాడు. బొంగురుగా వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. "హలో హలో. మైక్ టెస్టింగ్. శ్రీమతి రాహేలు గారు..."

వెంకటనర్సయ్య పడీ పడీ నవ్వాడు. "నీకు గిసొంటియి వస్తయని నాకెర్కలేదు సార్! ఏం నాటకమిది?"

"నాటకం కాదు నర్సయ్యా, ప్రాక్టీసు. ఆవిడ దిగొచ్చాక చెప్పాలి." మళ్ళీ నవ్వాడు. "రేపు హెల్త్ సెంటరుకి వెళ్తానని కూడా చెప్పాలి. ఏది ముందు చెప్పాలంటావు?"

"నవ్వేది ముందు చెప్పు సార్. దవాఖాన ముచ్చట ఎప్పుడైనా ఉన్నదే" అని వెంకటనర్సయ్య నీళ్ళ మోటారు వెయ్యడానికి వెనక్కి వెళ్ళాడు.

పైన పాట ఎత్తుకున్నారు. మెడలో ఉన్న హెడ్‌ఫోనులోంచి అది సన్నగా వినిపిస్తోంది. అన్ని గొంతుల్లో ఒక గొంతును ఏసురత్నం ఇప్పుడు సులువుగా పట్టుకోగలిగాడు. గ్లాసు పక్కన పెట్టాడు. ఛాతీలో మొదలైన బరువు భుజం మీదికి, దవడలోకి పాకింది. గోడకు జారగిలబడ్డాడు. పాట అయిపోతే దిగుతారు. కాసేపు కళ్ళు మూసుకుంటే తగ్గుతుందిలే అనుకున్నాడు.

వెంకటనర్సయ్య తిరిగి వచ్చి చూసి, సారు నిద్రపోయిండని మెట్ల పక్కన లైటు వెయ్యకుండా వదిలేశాడు.

*

ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ దిగారు. ముందు దిగింది రాహేలే. ఇంక సెట్టు విప్పొచ్చని ఆయనకు చెప్పాలనుకుంటూ దిగింది. మెట్టు మీద కూర్చున్న మనిషి భుజం తట్టింది. చొక్కా తడిగా, ఒళ్ళు చల్లగా తగిలింది. "ఏవండీ" అంది. ఇంకోసారి అంది.

తర్వాత గోలగోలగా జరిగింది. జాన్సన్ మాస్టారు వ్యాను తలుపు తీశాడు. ఎవరో అంబులెన్సు పిలిచారు. వచ్చిన కుర్రవాళ్ళు నాడి చూసి, ఛాతీ నొక్కి, చివరికి లేచి నిలబడి చిట్టెమ్మ గారిని పక్కకు పిలిచారు. రాహేలు ఏడవలేదు. ఆమె చూపు ఏసురత్నం మెడలో ఉన్న హెడ్‌ఫోను మీదే ఉంది. పైన మైకు ఎవరూ ఆపలేదు. అందులోంచి ఖాళీ హాలులో తిరుగుతున్న ఫ్యాను చప్పుడు వస్తోంది.

విన్నాడు. సెట్టు పెడతానన్నది దీనికే. ఎంతవరకు విన్నాడు? తన గురించి ఏం అనుకుని పోయాడు? ఇన్నేళ్ళు తను ఎరగని అనుమానం అప్పుడు ఆమెకు పట్టుకుంది. ఆ అనుమానాన్ని తీర్చే మనిషి ఇక లేడు.

"నర్సయ్యా, ఆయన పక్కన నువ్వే ఉన్నావా?" అంది చివరికి. "ఎట్లా ఉన్నారు? కోపంగా ఉన్నారా?"

"కోపమా? లేదమ్మా, దేవుని తోడు" అన్నాడు వెంకటనర్సయ్య ఏడుస్తూ. "ఇదేందో చెవులకు పెట్టుకోని ముందుగాల కండ్లు తుడుసుకున్నడు. ఎనుక నవ్విండు. నేను చాయిస్తే గిలాస మూతికాడ వెట్టుకోని, హలో హలో మైకు టెస్టింగ్, రాహేలు గారు అని ఏందేందో అన్నడు. నాటకమా సార్ అంటే, నువ్వు దిగొచ్చినంక చెప్పాలె, ప్రాక్టీసు చేస్తున్న అన్నడు."

రాహేలు అట్లాగే విన్నది. ఇంకోసారి చెప్పమంది. వెంకటనర్సయ్య మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. అప్పుడు ఆమె చిట్టెమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బయటికొచ్చాడు అత్తా" అంది. "వచ్చాడు." అని, అక్కడే కింద కూలబడి, గొంతెత్తి ఏడ్చింది.

ఏసురత్నాన్ని జాన్సన్ వ్యానులోకి ఎక్కించారు. ఆమెను పక్కన కూర్చోబెట్టారు. అందరూ వెళ్ళిపోయాక వెంకటనర్సయ్య లైటు వేశాడు. మూడో మెట్టు మీద స్టీలు గ్లాసు ఉంది, అడుగున మిగిలిన గుక్కెడు చాయ్ మీద మీగడ కట్టి.